రోజూ గీయక తప్పని మెడ: ఉస్తరా, సేఫ్టీ రేజర్ పక్కపక్కన పెట్టి చూసిన ఒక కేసు

హన్మకొండలో మా సెలూన్‌కు వచ్చే ఒక కానిస్టేబుల్ మెడ గురించి ఇది. వయసు ముప్పై లోపే. మందపాటి వెంట్రుక, కొంచెం రింగులు తిరిగే రకం. డ్యూటీలో గడ్డం కనిపించకూడదు కాబట్టి రోజూ పొద్దున్నే గీయాల్సిందే. మొదటిసారి కుర్చీలో కూర్చుని కాలర్ కిందికి లాగినప్పుడు దవడ కింది నుంచి గొంతు ముడి పక్కల దాకా పొక్కులు కనిపించాయి. కొన్ని ఎర్రగా ఉన్నాయి. కొన్ని మానిపోయి నల్ల మచ్చలయ్యాయి. రెండు మూడింటి కొనల్లో చీము ఉంది. బుగ్గలు మాత్రం నున్నగా, ఏ తేడా లేకుండా ఉన్నాయి.

అంతకుముందు ఏం వాడాడో అడిగాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జ్ రేజర్. దురద మొదలయ్యాక ఎవరో ఉస్తరాతో, అంటే సెలూన్లలో వాడే కత్తి లాంటి రేజర్‌తో, చేయించుకో అంటే వేరే షాపులో కొన్నాళ్లు చేయించుకున్నాడు. అక్కడ ఒకసారి సీదా (వెంట్రుక పెరిగే దిక్కుకే), రెండుసార్లు ఉల్టా (దానికి ఎదురుగా) గీసి చేతికి గరుకు తగలకుండా నున్నగా చేసి పంపేవాళ్లట. ఆ సాయంత్రానికి బాగుండేది. మూడో రోజుకు మెడ మండేది.

"అన్నా, ఉస్తరా మంచిదా, పాతకాలం సేఫ్టీ రేజర్ మంచిదా? ఒకటి చెప్పు, అదే పట్టుకుంటా" అన్నాడు. నేను వెంటనే చెప్పలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నలో మూడు నాలుగు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. ఏ పనిముట్టు అనేది ఒకటి. ఏ దిక్కుకు గీస్తున్నాం, ఎన్నిసార్లు గీస్తున్నాం, చర్మాన్ని ఎంత లాగి పడుతున్నాం అనేవి వేరు. ఇవి విడదీయకుండా రేజర్ మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఒక మాట మాత్రం బాగా పనికొచ్చింది. ఉద్యోగం రాకముందు ఒక ఏడాది అయ్యప్ప మాల వేసుకున్నాడట. నలభై ఒక్క రోజులు గడ్డం ముట్టలేదు. అప్పటికే మొదలైన చిన్న చిన్న పొక్కులు ఆ దీక్షలో పూర్తిగా పోయాయని, మాల తీసి గీయించుకున్న వారం పది రోజులకు మళ్లీ వచ్చాయని చెప్పాడు. అంటే సబ్బు పడకనో, చెమట వల్లనో కాదు. గీయడమే కారణం.

చీము ఉంది కాబట్టి ముందు చర్మ డాక్టర్ దగ్గరికి పంపాను. చీము మీద బ్లేడు పెట్టడం మా పని కాదు. డాక్టర్ మందు రాసి, కొన్ని వారాలు గీయొద్దన్నారు. ఈ జబ్బుకు వాళ్లు పెట్టుకున్న పేరు సూడోఫాలిక్యులైటిస్ బార్బే. పూర్తిగా మానేయడం ఇతని ఉద్యోగంలో కుదరదు. డాక్టర్ చీటీని పై అధికారికి చూపించి, దువ్వెన తీసేసిన ట్రిమ్మర్‌తో అర మిల్లీమీటరు వెంట్రుక మిగిలేలా కత్తిరించుకుంటూ గడిపాడు. చీము ఆరి ఎరుపు తగ్గాకే నా దగ్గర అసలు పని మొదలైంది.

వెంట్రుక లోపలికి ఎలా పోతుంది

రింగు తిరిగే వెంట్రుకను పదునైన అంచుతో కోస్తే కొన సూదిలా తయారవుతుంది. అది పెరుగుతూ వంగి, పక్కనే చర్మంలోకి గుచ్చుకుంటుంది. ఇదొక దారి. రెండో దారి మనం తెచ్చిపెట్టుకునేది. చర్మాన్ని గట్టిగా లాగి పట్టి కోస్తే, చేయి వదలగానే తెగిన కొన చర్మం మట్టం కిందికి జారిపోతుంది. మళ్లీ పెరిగేటప్పుడు బయటికి రాకుండా, తన రంధ్రం గోడనే చీల్చుకుని లోపల తిరుగుతుంది. ఒళ్లు దాన్ని ముల్లు గుచ్చుకున్నట్టే చూస్తుంది. వాపు, ఎరుపు, దురద అక్కడి నుంచే.

ఎక్కువ బ్లేడ్ల కార్ట్రిడ్జ్ ఈ రెండో పనిని మెషీన్ మీద చేసి పెడుతుంది. మొదటి బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి జారేలోపు తర్వాతి బ్లేడు ఇంకా కింద కోస్తుంది. 1971లో జిలెట్ కంపెనీ రెండు బ్లేడ్ల రేజర్ ట్రాక్ టూ వచ్చినప్పటి నుంచి అమ్మకానికి చెప్పే గొప్ప ఇదే. సూటి వెంట్రుక ఉన్నవాళ్లకు అది మంచి షేవింగే. ఈ మెడకు మాత్రం పడదు. కాబట్టి కార్ట్రిడ్జ్‌ను మొదటి రోజే పక్కన పెట్టించాను.

తర్వాత మెడకు మ్యాప్ గీశాం. రెండు రోజుల ట్రిమ్మర్ గడ్డం మీద చిన్న దూది ముక్కను నాలుగు దిక్కులా నడిపిస్తే, ఎటు పట్టుకుంటుందో అటు ఉల్టా. ఇతని బుగ్గల మీద వెంట్రుకలు కిందికి ఉన్నాయి. కుడి మెడ మీదా కిందికే. ఎడమ మెడ మీద మాత్రం కాలర్ దగ్గర మొదలై ఏటవాలుగా చెవి వైపు పైకి పెరుగుతున్నాయి. గొంతు ముడి దగ్గర అడ్డంగా. అంటే ఇన్నాళ్లూ 'సీదా' అనుకుని పైనుంచి కిందికి గీసింది ఎడమ పక్కన మొదటి నుంచీ ఉల్టాయే. పొక్కులు కుడి కంటే ఎడమ పక్కన ఎక్కువ ఉండడానికి కారణం అప్పుడు దొరికింది. ఆ మ్యాప్ కాగితాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకోమన్నాను.

మా పనిలో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట చెప్పాలి. ప్రతి గిరాకీకి దూది పట్టుకుని కూర్చోలేం, శనివారం, ఆదివారం రద్దీలో అసలు కుదరదు. కానీ మెడ మీద పొక్కులున్న మనిషి కూర్చున్నప్పుడు రెండు వేళ్లతో పైకీ కిందికీ రాసి చూడడానికి అర నిమిషం చాలు.

ఒకే బ్లేడు, రెండు పిడులు

షాపులో ఇప్పుడు ఉస్తరా అని పట్టుకునేది నిజానికి పాత మంగలి కత్తి కాదు. కత్తి ఆకారం ఉన్న పిడిలో సేఫ్టీ రేజర్ బ్లేడునే సగానికి విరిచి పెడతాం. ఎయిడ్స్ భయం ఊళ్లలోకి వచ్చిన రోజుల నుంచి గిరాకీకి కొత్త బ్లేడు మార్చడం అలవాటుగా నిలబడింది. దానివల్ల ఈ కేసులో నాకొక లాభం కలిగింది. ఒకే ప్యాకెట్‌లోని బ్లేడు ఒకటి కాగితంలో ఉండగానే విరిచి సగం ఉస్తరాలో పెట్టాను. అదే రకం బ్లేడు ఇంకోటి మొత్తంగా సేఫ్టీ రేజర్‌లో పెట్టాను. రెండు పక్కలా అంచు ఒకటే. తేడా అంతా దాన్ని పట్టే తీరులోనే.

ఆ తేడా చిన్నదేం కాదు. ఈ బ్లేడు మందం మిల్లీమీటరులో పదో వంతు. సేఫ్టీ రేజర్‌లో పై మూత, కింది పలక దాన్ని వంచి బిగిస్తాయి. వంగడం వల్లే అంత పలుచటి రేకు వణకకుండా నిలబడుతుంది. అంచు ముందర చిన్న కడ్డీ ఉంటుంది. అది చర్మాన్ని చదును చేసి, అంచు ఎంత బయటికి రావాలో అంతే రానిస్తుంది. ముప్పై డిగ్రీల చుట్టుపక్కల కోణం తలలోనే తయారై ఉంటుంది. ఉస్తరాలో ఈ కాపలా ఏదీ లేదు. కోణం నా మణికట్టులో ఉంటుంది. ఒత్తిడి నా వేళ్లలో ఉంటుంది. ముఖ్యంగా రెండో చేత్తో చర్మాన్ని లాగి పట్టకపోతే ఉస్తరా నడవదు. వదులు చర్మం అంచు ముందు ముడత పడి తెగుతుంది.

ఇతని జబ్బుకు మూలమే లాగి పట్టడం. కాబట్టి లెక్క ప్రకారం సేఫ్టీ రేజర్ గెలవాలి. అయినా చూడకుండా చెప్పడం నాకు ఇష్టం లేదు.

షేవింగ్‌కు ముందు చేసేదంతా రెండు పక్కలా ఒకటే. గోరువెచ్చటి నీళ్లతో తడి టవల్, రెండు మూడు నిమిషాలు. వెంట్రుక నీళ్లు పీల్చుకుంటే కోయడానికి కావాల్సిన బలం చాలా తగ్గిపోతుంది. మందపాటి గడ్డానికి ఈ రెండు నిమిషాలు ఏ ఖరీదైన క్రీమ్ కంటే ఎక్కువ పని చేస్తాయి. నురుగు దగ్గర మాత్రం మా షాపు బోరు నీళ్లతో తిప్పలు పడ్డాను. అవి ఉప్పు నీళ్లు. సున్నం ఎక్కువున్న నీళ్లలో సబ్బు నురుగుకు బదులు తెట్టెలా విరిగిపోతుంది. బ్రష్ ఎంత తిప్పినా నిమిషంలో ఆరిపోతుంది. ధర్మసాగర్ నుంచి వచ్చే మున్సిపల్ నల్లా నీళ్లు పట్టి పెట్టుకుని వాడితే నురుగు నిలిచింది. వరంగల్ చుట్టుపక్కల బోరు నీళ్లతో ఇంట్లో గీసుకుంటూ బ్లేడును తిట్టేవాళ్లు ఒకసారి నీళ్లు మార్చి చూడాలి.

మొదట కొన్ని వారాలు కుడి పక్క ఉస్తరా, ఎడమ పక్క సేఫ్టీ రేజర్. రెండు పక్కలా మ్యాప్ ప్రకారం సీదా ఒక్కసారే. ఎడమ మెడ కష్టమైనది కాబట్టి అది అన్యాయమైన పోలిక అవుతుందని తర్వాత పక్కలు మార్చాను. ఉద్యోగం వల్ల అతను రోజు విడిచి రోజు వచ్చేవాడు. మధ్య రోజు ట్రిమ్మర్.

ఫలితం నేను అనుకున్నంత తేడాగా రాలేదు. దిక్కు సరిచేసి ఒక్కసారే గీసినప్పుడు ఉస్తరా పక్కన కూడా పొక్కులు బాగా తగ్గాయి. సేఫ్టీ రేజర్ పక్కన ఇంకొంచెం ఎక్కువ తగ్గాయి. పక్కలు మార్చినా ఆ కొంచెం తేడా సేఫ్టీ రేజర్‌తోనే వెళ్లింది. కాబట్టి అది మెడ వల్ల వచ్చింది కాదు, పనిముట్టు వల్ల వచ్చిందే. అయితే అతని ఒప్పుకోలుతో చెవి కింద చిన్న జాగాలో రెండింటితోనూ ఉల్టా గీసి చూశాం. అక్కడ రెండూ ఓడిపోయాయి. సేఫ్టీ రేజర్‌తో ఉల్టా గీసిన చోట వచ్చిన పొక్కులు, ఉస్తరాతో సీదా గీసిన చోట కంటే స్పష్టంగా ఎక్కువ. దిక్కు తప్పితే మంచి రేజర్ కాపాడదు. దిక్కు సరైతే రెండు రేజర్ల మధ్య తేడా సన్నగిల్లిపోతుంది. ఈ కేసులో నాకు తేలింది ఇదే.

వెంట్రుకకు అడ్డంగా రెండోసారి గీయడం మధ్యస్థంగా నిలిచింది. సేఫ్టీ రేజర్‌తో అది కుడి మెడకు సరిపడింది, ఎడమ మెడకు సరిపడలేదు.

తెగడం వేరే విషయం. ఉస్తరాతో ఒక్కసారి కూడా తెగలేదు. అందులో గొప్పేం లేదు, అది నా రోజువారీ పని. చిన్న మచ్చలు, చెవి ముందు గీత, మీసం అంచు దగ్గర సేఫ్టీ రేజర్ తల గుడ్డిగా వెళ్తుంది. అంచు ఎక్కడుందో కనిపించదు. కలం గీతలా లైను తీయాలంటే ఉస్తరానే కావాలి. ఆ విషయంలో పోలికే లేదు.

తాత కత్తి

మా తాత పొదిలో ఒక జర్మనీ కత్తి ఉంది, జోలింగెన్ ముద్ర ఉన్నది. రెండు పక్కలా లోపలికి గుంట తీసినట్టు పలుచగా సానబెట్టిన రకం. ఊళ్లో ఏడాదికి గింజలు తీసుకుని పనిచేసిన రోజుల నాటిది. మంగళవారం షాపు బంద్ ఉంటుంది కదా, ఒక మంగళవారం కూర్చుని దాన్ని నీళ్ల రాళ్ల మీద నూరాను. వెయ్యి గ్రిట్ (రాయి గరుకుకు లెక్క, అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) తో మొదలుపెట్టి, అయిదు వేలు, ఎనిమిది వేలు, చివర పన్నెండు వేలు. ఆ తర్వాత తోలు పట్టీ మీద వెనకంచు ముందుగా నడిపించాలి. అంచును ముందుకు తోస్తే తోలూ తెగుతుంది, పదునూ పోతుంది.

ఈ కత్తితో అతని బుగ్గలు, కుడి మెడ గీశాను. బుగ్గల మీద ఇంత మెత్తటి షేవింగ్ కొత్త బ్లేడు ఇవ్వదు. ఎరుపు దాదాపు రాలేదు. తోలు మీద తిప్పిన అంచు కరకుగా ఉండదు, కత్తి బరువు కూడా చేతికి ఆసరా. కానీ మెడ దగ్గర మళ్లీ అదే కథ. చర్మాన్ని లాగి పట్టాల్సిందే. పొక్కుల లెక్కలో షాపు ఉస్తరాకు దీనికి తేడా చూపలేకపోయాను.

ఇష్టమైనా దీన్ని షాపులో పది మందికి వాడలేను. హెపటైటిస్ బి వైరస్ ఎండిన రక్తంలో కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కార్బన్ ఉక్కు కత్తిని బ్లీచింగ్ నీళ్లలో ముంచితే అంచు తుప్పు తింటుంది. ఆస్పత్రుల్లో చేసినట్టు 121 డిగ్రీల ఆవిరిలో పెట్టినా తుప్పు తప్పదు. ఇలాంటి కత్తి ఒకే మనిషికి, ఆ మనిషి సొంతం అయితేనే బాగు. అదే లెక్కలో పటిక గురించి కూడా చెప్పాలి. కొత్త బ్లేడు మార్చి, అదే పటిక గడ్డను అందరి గాట్ల మీద రుద్దితే బ్లేడు మార్చిన ఫలం ఏముంది? పటిక పొడిని నీళ్లలో కలిపి స్ప్రే సీసాలో పెట్టుకుంటే సరిపోతుంది.

ఇంట్లో అతని చేతికి

ఎన్నాళ్లని రోజు విడిచి రోజు షాపుకు వస్తాడు? పొద్దున అయిదింటికి లేచి డ్యూటీకి పోవాల్సిన మనిషి. ఉస్తరా సొంతంగా నేర్చుకోవచ్చు కదా అన్నాడు. వద్దన్నాను. ఎదుటి మనిషి మెడ మీద రెండు చేతులతో చేసే పనిని అద్దంలో చూస్తూ, ఎడమ చేతి దిక్కుకు కూడా కుడి చేత్తో తిప్పుకుంటూ చేయడానికి నెలలు పడుతుంది. నేర్చుకునే ఆ నెలలన్నీ పడేది ఈ మెడ మీదే. నున్నటి బుగ్గలున్న, తీరిక ఉన్న మనిషి అయితే నేనే నేర్పేవాణ్ని.

సేఫ్టీ రేజర్ పుట్టిందే ఇలాంటి మనిషి కోసం. కింగ్ క్యాంప్ జిలెట్ ఆలోచనను విలియం నికర్సన్ అనే ఇంజనీరు పలుచటి ఉక్కు రేకుగా చేసి చూపించాక, 1903లో కంపెనీ అమ్మింది 51 రేజర్లు, 168 బ్లేడ్లు. 1904లో పేటెంటు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం సైనికులకు లక్షల కొద్దీ రేజర్లు ఇచ్చింది. గడ్డం ఉంటే గ్యాస్ మాస్కు ముఖానికి అతుక్కోదు. యూనిఫాంలో ఉన్నవాళ్లు మంగలి లేని చోట, తక్కువ టైంలో, తమ చేత్తో గీసుకోవాలి. మన కానిస్టేబుల్ అవసరమూ అదే.

కాబట్టి అంచు తక్కువ బయటికి వచ్చే మెత్తటి రకం మెటల్ రేజర్ కొనిపించాను. దువ్వెన పళ్ల లాంటి తల ఉన్నది వద్దన్నాను. అది చురుకైనది, ఈ మెడకు అక్కర్లేదు. మొదటి రోజుల్లో రెండు చోట్ల కోసుకున్నాడు. కార్ట్రిడ్జ్ అలవాటుతో నొక్కుతున్నాడు. కార్ట్రిడ్జ్ తల స్ప్రింగు మీద ఊగుతూ ఒత్తిడిని మింగుతుంది. సేఫ్టీ రేజర్ తల బిగుసుకుని ఉంటుంది, దాని బరువే చాలు. పిడి చివర రెండు వేళ్లతో పట్టుకోమన్నాను. అలా పట్టుకుంటే నొక్కాలన్నా నొక్కలేడు. గొంతు ముడి దగ్గర చర్మాన్ని పక్కకు జరిపి, ముడి లేని చదును మీద గీయడం నేర్పాను. జరపడం వేరు, సాగదీయడం వేరు అని రెండు మూడుసార్లు చేయించి చూశాను.

బ్లేడు ఎన్ని రోజులు వాడాలి అన్నదానికి అతని గడ్డానికి నాలుగు షేవింగ్‌లు అని పెట్టాం. ఉక్కు కంటే వెంట్రుక యాభై రెట్లు మెత్తన అంటారు. అయినా అంచు పోతుంది. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు మైక్రోస్కోపు కింద చూసి చెప్పింది ఏంటంటే, అంచు మెల్లగా అరగడం ఒక్కటే కాదు, వెంట్రుక వంగి తగిలినప్పుడు ఉక్కు బలహీనంగా ఉన్న చోట చిన్న పెచ్చులు ఊడుతాయని. పెచ్చులు ఊడిన అంచు వెంట్రుకను కోయదు, లాగుతుంది. ఒక్కో బ్లేడు కొద్ది రూపాయలే కదా, పీనాసితనం వద్దన్నాను.

రెండు నెలలు దాటాక చూస్తే కుడి మెడ శుభ్రం. ఎడమ పక్కన కాలర్ రాసుకునే గీత మీద మాత్రం అప్పుడప్పుడు ఒకటీ రెండూ వస్తూనే ఉన్నాయి. ఎండాకాలంలో చెమటతో తడిసిన గట్టి కాలర్ అక్కడ రుద్దుతుంది. ఆ రెండు వేళ్ల వెడల్పు జాగాలో బ్లేడు పూర్తిగా మానిపించి ట్రిమ్మర్‌తోనే సరిపెట్టమన్నాను. మూడడుగుల దూరం నుంచి చూసే అధికారికి ఆ అర మిల్లీమీటరు తెలియదు. నల్ల మచ్చలు నెమ్మదిగా పలుచబడుతున్నాయి. వాటికి వేగం కావాలంటే మళ్లీ డాక్టర్ దగ్గరికే.

ఇప్పుడు కటింగ్‌కు వచ్చినప్పుడు చెవి ముందు లైను, మెడ వెనక మాత్రమే ఉస్తరాతో తీస్తాను. ఈ కేసు తర్వాత షాపులో ఒక పద్ధతి మార్చాను. ఎవరైనా ఉల్టా అడిగితే ముందు మెడ చూస్తాను. పెళ్లి కొడుకు ఒక్క రోజు కోసం అడిగితే, మెడ శుభ్రంగా ఉంటే చేస్తాను. రోజూ గీసుకునేవాడు, రింగు వెంట్రుక, మచ్చలున్న మెడ అయితే డబ్బులు ఎక్కువిస్తానన్నా చేయను. ఇద్దరు ముగ్గురు అలిగి పక్క షాపుకు పోయారు కూడా.